రెండోసారి రక్తం ఎందుకు అడుగుతాం?

ఉదయం ఆరున్నర గంటలకు మగవారి వార్డులో మాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "నిన్ననే రెండు సీసాలు గుంజుకున్నరు గద సిస్టరమ్మా, మళ్ల ఎందుకు? ఆయన ఒంట్ల రక్తమే లేదాయె." ఈ మాట అనేది సాధారణంగా రోగి కాదు. మంచం పక్కన కూర్చున్న భార్యో, రాత్రి షిఫ్టు దిగి కంపెనీ నుండి నేరుగా వచ్చిన బామ్మర్దో అంటారు. మా సిస్టర్లు "ల్యాబువాళ్లు మళ్లీ పంపమన్నారు" అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోతారు. ఆ జవాబుతో ఎవరికీ తృప్తి ఉండదు. బిల్లు పెంచడానికే అని కొందరు అనుకుంటారు. మా రక్తం అమ్ముకుంటున్నారేమో అనుకునేవారు కూడా ఉన్నారు. ఒక పెద్దాయన ఆ మాట మా ముఖం మీదే అన్నారు.

అందుకే ఈసారి మా అభిప్రాయం దాపరికం లేకుండా చెప్పదలచుకున్నాం. రెండోసారి రక్తం అడిగే ఆసుపత్రిని అనుమానించకండి. పాడైన రక్తం మీద వచ్చిన అంకెను ఏమీ అడగకుండా అచ్చు వేసి చేతికిచ్చే చోటును అనుమానించండి. అయితే ఇందులో రెండో సగం కూడా ఉంది. ఆ రెండో సూది అవసరం పడటంలో తప్పు చాలాసార్లు ల్యాబుది కాదు, రోగిది కాదు, రక్తం తీసిన మా చేతిదే. ఈ రెండూ అర్థం కావాలంటే రక్తకణాల్లో ఉన్న విద్యుత్తు గురించి కొంచెం చెప్పుకోవాలి.

విద్యుత్తు అనగానే కొందరు నవ్వుతారు. కరెంటు అంటే మనకు స్తంభం మీది తీగ, ఫ్యాక్టరీలో మోటారు. కానీ ఉప్పు నీటిలో కరిగితే సోడియం, క్లోరైడు అనే రెండు భాగాలుగా విడిపోతుంది. ఒకదానికి ధన ఆవేశం, ఇంకోదానికి రుణ ఆవేశం ఉంటుంది. ఉప్పునీటిలో కరెంటు పారుతుందని హైస్కూలు పిల్లలు కూడా చెబుతారు. మన రక్తంలోని ప్లాస్మా అలాంటి ఉప్పునీరే. అందులో తేలే ఎర్రకణం మాత్రం చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర కప్పుకొని ఉంటుంది. తీగ మీది ప్లాస్టిక్ తొడుగులాగా ఆ పొర కరెంటును పోనివ్వదు. పొర లోపల మళ్లీ ఉప్పునీరే, కానీ వేరే ఉప్పు. బయట ప్లాస్మాలో సోడియం ఎక్కువ, లీటరుకు 140 మిల్లీమోల్స్ దాకా. పొటాషియం తక్కువ, 3.5 నుండి 5 వరకు మాత్రమే. కణం లోపల ఇది తలకిందులు. అక్కడ సోడియం తక్కువ, పొటాషియం బయటికంటే ఇరవై రెట్లు పైనే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఎర్రకణం పైతొడుగు కరెంటును ఆపుతుందనీ, లోపలి ద్రవం మాత్రం కరెంటును పోనిస్తుందనీ రుడాల్ఫ్ హోబర్ 1910లోనే చూపించాడు. 1925లో అమెరికాలో హ్యూగో ఫ్రికే రక్తంలో కరెంటు ఎలా పారుతుందో కొలిచి, ఆ లెక్కతోనే పొర మందం సుమారు 3.3 నానోమీటర్లు అని చెప్పాడు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అప్పటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పుట్టనే లేదు. కంటికి కనిపించని పొరను కరెంటుతో కొలిచిన ఆ మనిషి ఓపికకు మేము ఇప్పటికీ ఆశ్చర్యపోతాం.

మరి లోపలి పొటాషియం లోపలే ఎలా నిలుస్తుంది? పటేల్‌గూడ కాలనీల్లో ఉండేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. సంపులో నీళ్లు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. ట్యాంకుకు సన్నని లీకు ఉందనుకోండి. మోటారు నడిచినంతసేపు ట్యాంకు నిండుగానే ఉంటుంది, ఆగితే కొద్దికొద్దిగా కారిపోతుంది. ప్రతి కణం పొరలో అలాంటి మోటార్లు ఉన్నాయి. ఒక్కో విడతకు మూడు సోడియం బయటికి తోసి, రెండు పొటాషియం లోపలికి లాగుతాయి. డెన్మార్క్ దేశస్థుడు యెన్స్ స్కౌ 1957లో ఈ మోటారును గుర్తించాడు, 1997లో నోబెల్ బహుమతి పొందాడు.

ఈ మోటారుకు ఇంధనం ఏ.టి.పి. అనే పదార్థం. ఇక్కడ మన తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, 1929లో ఏ.టి.పి.ని వేరుచేసి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు ఇప్పటికీ ఉంది. మాకు శిక్షణ ఇచ్చిన రోజుల్లో ఆ పేరు ఎవరిదో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు సూది దగ్గరకు వద్దాం. సన్నని సూదితో తీసిన రక్తాన్ని తొందరలో సిరంజి గట్టిగా నొక్కి గొట్టంలోకి చిమ్మితే ఎర్రకణాలు చితికిపోతాయి. లోపల దాగిన పొటాషియం అంతా బయటి నీటిలో కలుస్తుంది. రోగి ఒంట్లో పొటాషియం 4 ఉంటే రిపోర్టులో 6 అని రావచ్చు. కణాలు చితికిన రక్తం గొట్టంలో పేరుకున్నాక పైన తేలే నీరు లేత పసుపుగా కాకుండా ఎర్రగా ఉంటుంది. ల్యాబులో వాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. వాళ్లు "మళ్లీ పంపండి" అనేది అప్పుడే.

ఒక్క అంకె తేడాకు ఇంత హడావిడి ఎందుకు అంటారేమో. పొటాషియం విషయంలో ఆ ఒక్క అంకె ప్రాణం మీదికి వస్తుంది. మన గుండె కొట్టుకునేది కండర కణాల లోపలికీ బయటికీ ఉన్న విద్యుత్తు తేడాతోనే. గుండె కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ తేడా సుమారు 90 మిల్లీవోల్టులు. టార్చిలో వేసే సెల్లు 1.5 వోల్టులు, అంటే దానిలో పదహారో వంతు. అంత చిన్న విద్యుత్తు మీద రోజుకు లక్షసార్లు గుండె కొట్టుకుంటుంది. బయటి పొటాషియం 6.5 దాటితే ఆ తేడా తగ్గి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆగిపోవచ్చు కూడా. నొప్పి ఉండకపోవచ్చు. కాళ్లు బలహీనంగా ఉన్నాయని రోగి అంటాడు, అంతే.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం మేము వేరే ఊరిలో ఒక ఆసుపత్రిలో పనిచేసేవాళ్లం. యాభై ఏళ్లు ఉండే ఒకాయన వచ్చారు, చాలా ఏళ్లుగా షుగరు ఉంది. రెండు రోజులుగా మెట్లు ఎక్కలేకపోతున్నానని చెప్పారు. సాయంత్రం రక్తం పంపాం. ఏడు గంటలకు రిపోర్టు వచ్చింది. పొటాషియం 7.2. పక్కనే ఎర్ర సిరాతో "కణాలు చితికినవి, మళ్లీ పంపగలరు" అని రాసి ఉంది. ఆ ఎర్ర సిరా చూసి మేము ఊపిరి పీల్చుకున్నాం. ఇది దొంగ అంకెలే అనుకున్నాం. మళ్లీ సూది పట్టుకుని వెళ్తే నరం దొరకలేదు, ఆయన అన్న అడ్డం వచ్చాడు. "ఎన్నిసార్లు పొడుస్తరు? పొద్దున తీస్కోండ్రి." సరే అని ఫైలులో "బంధువులు నిరాకరించారు" అని రాసి సంతకం చేశాం. డ్యూటీ డాక్టరు గారికి ఫోను చేయలేదు. ఇ.సి.జి. తీయలేదు. తెల్లవారుజామున మూడున్నరకు ఆయన గుండె ఆగిపోయింది. అందరం పరుగెత్తాం. దక్కలేదు.

అంకె దొంగది కాదు. కణాలు చితికిన మాట నిజమే, దానివల్ల అంకె కొంత పెరిగి ఉండవచ్చు. కానీ ఒంట్లో నిజంగానే పొటాషియం ప్రమాదకరంగా పెరిగి ఉంది, మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయి. ఇ.సి.జి.కి సూది అక్కర్లేదు, ఐదు నిమిషాల పని. పొటాషియం పెరిగితే అందులో టి అనే అల గుడారంలాగా మొనదేలి లేచే అవకాశం ఎక్కువ. గుడారం కనబడితే వెంటనే కాల్షియం ఇంజక్షను ఇచ్చి గుండెను కాపాడవచ్చు. ఇన్సులిను, గ్లూకోజు కలిపి ఇచ్చి ఆ మోటార్లను జోరుగా నడిపించి, పొటాషియాన్ని తిరిగి కణాల్లోకి పంపవచ్చు. ఈ మందులన్నీ ఆ రాత్రి వార్డు అలమరలోనే ఉన్నాయి.

ఆ అన్న తప్పెంత, మా తప్పెంత అని చాలాకాలం ఆలోచించాం. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లం మేము. ఫైలులో ఆ సంతకం మాదే.

అందుకని ఇక్కడ మా సిస్టర్లకు ఒక నియమం పెట్టాం. పొటాషియం ఎక్కువ వచ్చి, నమూనా చితికిందని ల్యాబు చెబితే, రెండో నమూనా కోసం ఆగకుండా ముందు ఇ.సి.జి. తీయాలి, డాక్టరు గారికి చెప్పాలి. "దొంగ అంకె" అనే మాట వార్డులో వాడకూడదు. కుటుంబం వాళ్లతో "ల్యాబువాళ్లు అడిగారు" అనకుండా "కణాలు చితికాయి, అంకె నమ్మలేం, తప్పయితే గుండెకు ప్రమాదం" అని చెప్పాలి. ఇలా చెప్పినప్పుడు వద్దన్నవాళ్లు మాకు ఒక్కరు కూడా గుర్తులేరు.

మా చేతి తప్పుల గురించి కూడా చెప్పాలి. "పిడికిలి బిగించండి, తెరవండి, మళ్లీ బిగించండి" అని మేము వేలమందికి చెప్పి ఉంటాం. నరం బాగా కనబడుతుందని మాకు అలాగే నేర్పారు. అది పొరపాటు. పట్టీ కట్టిన చేతితో అలా పిడికిలి ఆడిస్తే కండరాల నుండి పొటాషియం బయటికి వచ్చి, ఆ చేతి రక్తంలో అంకె పెరుగుతుంది. పట్టీ కూడా ఒక నిమిషం దాటి ఉంచకూడదు. కాబట్టి ఇక మీదట ఎవరైనా సిస్టరు పిడికిలి ఆడించమంటే "వద్దట కదమ్మా" అని మీరే అనండి, మేము నొచ్చుకోం.

ఊదారంగు మూత గొట్టం మరో చిక్కు. అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు పొటాషియం లవణమే. ఎర్ర మూత గొట్టంలో రక్తం చాలకపోతే ఊదా గొట్టంలోంచి కాస్త ఒంపేసే కొత్త పిల్లలను మేము చూశాం. రిపోర్టులో పొటాషియం 12 అనో 14 అనో వస్తుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఆ అంకెలతో మనిషి కూర్చుని టీ తాగుతుంటాడు!

ఇంకొకటి ఫ్రిజ్. కూరగాయలు, పాలు ఫ్రిజ్‌లో తాజాగా ఉంటాయి కదా, రక్తం కూడా అలాగే అనుకుంటారు. కాలనీల్లో, ఇళ్లలో నమూనాలు తీసుకునే కుర్రాళ్లలో కొందరు ఉదయం తీసిన రక్తాన్ని ఐసు డబ్బాలో పెట్టి, బండి మీద పదిళ్లు తిరిగి, మధ్యాహ్నానికి నగరంలోని ల్యాబుకు చేరుస్తారు. చలికి ఆ కణాల మోటార్లు దాదాపు ఆగిపోతాయి. లీకు మాత్రం ఆగదు. కణాలు చితక్కుండానే, నీరు ఎర్రబడకుండానే పొటాషియం బయటికి వచ్చేస్తుంది. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ల్యాబువాళ్ల కంటికి కూడా దొరకదు. ఎండాకాలం వేడిలో గంటల తరబడి ఉన్నా పాడే. రక్తంలోని చక్కెరను కణాలు తినేస్తాయి, అది అయిపోయాక ఇంధనం ఉండదు. పొటాషియం పరీక్షకు రక్తం ఇంటి దగ్గర ఇస్తే అది ఎన్ని గంటలకు ల్యాబుకు చేరుతుందో అడగండి. సమాధానం చెప్పలేనివాళ్లకు ఇవ్వకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత దూరమైనా ల్యాబు ఉన్న చోటుకు వెళ్లి ఇవ్వడమే మంచిదని మా గట్టి అభిప్రాయం.

ఎర్రకణానికి లోపలి విద్యుత్తు కాక, పైన కూడా కొంత ఉంది. దాని ఉపరితలం మీద సియాలిక్ ఆమ్లం అనే పదార్థం ఉండటం వల్ల ప్రతి కణం బయట రుణ ఆవేశం కలిగి ఉంటుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా. అందుకే మైక్రోలీటరుకు దాదాపు యాభై లక్షల కణాలు కిక్కిరిసి ఉన్నా అతుక్కోకుండా పారుతుంటాయి. జ్వరం, క్షయ, కీళ్లవాపు వంటివి ఉన్నప్పుడు రక్తంలో కొన్ని ప్రోటీన్లు పెరిగి ఆ తోపుడును తగ్గిస్తాయి. అప్పుడు కణాలు నాణేల దొంతరలాగా ఒకదానిమీద ఒకటి చేరి, బరువెక్కి, గొట్టంలో తొందరగా కిందికి దిగుతాయి. గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో అదే ఇ.ఎస్.ఆర్. ఆ గంటను ముప్పావు గంట చేయలేం. గొట్టం కాస్త వంగినా అంకె పెరుగుతుంది. గర్భిణులకు, రక్తహీనత ఉన్నవారికి కూడా పెరుగుతుంది. కాబట్టి "ఇ.ఎస్.ఆర్. 45 ఉందట, టి.బి.నేనా?" అని ఏడుస్తూ వచ్చే అక్కచెల్లెళ్లకు మేము చెప్పేది ఒకటే. అది జబ్బు పేరు కాదు.

రక్తం ఎక్కించే ముందు జరిగే ఆలస్యానికి కూడా ఈ తోపుడే ఒక కారణం. "గ్రూపు కలిసింది కద, ఎక్కించరాదా?" అని తొందరపెడతారు. కొన్ని రకాల యాంటీబాడీలు కణానికి అతుక్కున్నా రెండు కణాలను కలిపి పట్టుకోలేవు. కణాలు ఒకదాన్నొకటి తోసుకొని దూరంగా ఉంటాయి, యాంటీబాడీ చేయి అంత దూరం చాచలేదు. పైకి అంతా సరిపోయినట్టే కనబడుతుంది, ఎక్కించాక కణాలు పగులుతాయి. 1945లో ఇంగ్లండులో కూంబ్స్, మౌరాంట్, రేస్ అనే ముగ్గురు ఆ దూరానికి వంతెన వేసే మందునీరు తయారుచేసే పద్ధతి చెప్పారు. దాన్ని వాడాలంటే ముందు కణాలను 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచాలి, కడగాలి, తిప్పాలి, చూడాలి. దాదాపు గంట పడుతుంది. నెగెటివ్ గ్రూపు గర్భిణులకు చేసే పరీక్ష కూడా ఇదే పద్ధతి మీద నడుస్తుంది. ప్రాణం పోతున్నప్పుడు డాక్టర్లు ఈ గంట ఆగకుండా ఎక్కించే సందర్భాలు వేరే ఉన్నాయి. మిగతా సమయంలో దయచేసి మమ్మల్ని తొందరపెట్టకండి.

ఈ నిజమైన విద్యుత్తును అడ్డం పెట్టుకొని అమ్మకాలు చేసేవాళ్ల గురించి ఒక మాట. షిఫ్టులు వదిలే సమయానికి కంపెనీ గేట్ల దగ్గర, ఒక్కోసారి కూడికలు ముగిసి జనం బయటికి వచ్చేటప్పుడు కూడా అయస్కాంతపు కంకణాలు, పరుపులు, లాకెట్లు అమ్ముతారు. రక్తంలో ఇనుము ఉంది కాబట్టి అయస్కాంతం దాన్ని లాగి పరుగెత్తిస్తుందంటారు. రక్తంలో ఇనుము ఉన్నమాట నిజం, కానీ అది మేకులోని ఇనుములాంటిది కాదు. ఆక్సిజన్ నిండిన రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, అతి స్వల్పంగా తోస్తుందని లైనస్ పౌలింగ్, చార్లెస్ కోర్యెల్ 1936లోనే కొలిచి చూపారు. ఎం.ఆర్.ఐ. యంత్రంలో 1.5 టెస్లాల అయస్కాంతం ఉంటుంది. ఏ కంకణమూ దాని దరిదాపులకు రాదు. దానిలో అరగంట పడుకుని లేచిన మనిషి రక్తం ఏ పక్కకూ పోయి ఉండదు.

ఇంకొందరు మైక్రోస్కోపు, టీవీ తెర తెచ్చి, వేలి నుండి చుక్క తీసి, కణాలు దొంతరలుగా అతుక్కున్నట్టు చూపించి, "మీ రక్తంలో చార్జి అయిపోయింది, ఈ మిషను నీళ్లు తాగండి" అంటారు. గాజుపలక మీద చుక్క మందంగా ఉంటే, కాసేపు ఆగి ఆరుతూ ఉంటే ఎవరి రక్తమైనా అలాగే కనబడుతుంది. మా రక్తం కూడా. ఒక డయాలిసిస్ రోగి భార్య పుస్తెలు తాకట్టు పెట్టి ఆ మిషను కొనిందని విన్నప్పుడు మాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ డబ్బుతో ఆయనకు ఎన్ని నెలల రక్తపరీక్షలు అయ్యేవో!

కణాలను లెక్కపెట్టే యంత్రం కూడా విద్యుత్తుతో పనిచేసేదే. మేము శిక్షణలో ఉండగా గీతల గాజుపలక మీద కంటితో లెక్కపెట్టేవారు. వాలెస్ కౌల్టర్‌కు 1953లో పేటెంటు వచ్చిన పద్ధతిలో కణాలు ఉప్పునీటిలో తేలుతూ సన్నని రంధ్రం గుండా పోతాయి. కణం పొర కరెంటును ఆపుతుందని చెప్పుకున్నాం కదా, ఒక్కో కణం దాటినప్పుడు కరెంటు ఒక్కసారి తగ్గుతుంది. ఎన్నిసార్లు తగ్గితే అన్ని కణాలు. ఎంత తగ్గితే అంత పెద్ద కణం. డెంగ్యూ రోజుల్లో మీరు చేతిలో పట్టుకుని వణికే ప్లేట్‌లెట్ల అంకె చాలాచోట్ల ఇలా వచ్చేదే. యంత్రానికి పరిమాణమే తెలుసు, ముఖం తెలియదు. ప్లేట్‌లెట్లు గొట్టంలో గుంపుగా అతుక్కుంటే వాటిని లెక్కలో వదిలేస్తుంది. అంకె ఉన్నట్టుండి 30,000 అని వస్తే, ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబట్టే ముందు, "స్లైడు మీద కంటితో చూశారా?" అని అడగండి. అది మంచి ప్రశ్న.

ఇక ఇంట్లో చేతనైన జాగ్రత్త. కణాల్లోంచి వచ్చినా, తిండి నుండి వచ్చినా ఎక్కువైన పొటాషియాన్ని ప్రధానంగా బయటికి పంపేది మూత్రపిండాలే. అవి దెబ్బతిన్నవారికి కొబ్బరిబోండం అమృతం కాదు. పలకరించడానికి వచ్చే చుట్టాలు బోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు పట్టుకొస్తారు. ప్రేమతోనే తెస్తారు. డయాలిసిస్ రోగి ఒక విడత మానేసి, ఎండకు రెండు బోండాలు తాగి, మరునాడు గుండె లయ తప్పి స్ట్రెచరు మీద రావడం మేము చూశాం. సూపర్‌మార్కెట్లలో దొరికే తక్కువ సోడియం ఉప్పును కూడా బి.పి.కి మంచిదని కొంటున్నారు. సోడియం తగ్గించి అందులో చాలావరకు కలిపేది పొటాషియం క్లోరైడే. మూత్రపిండాలు బాగున్నవారి సంగతి వేరు. క్రియాటినిన్ పెరిగినవారు, బి.పి.కి టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా ఆ ప్యాకెట్టు ఇంటికి తేవద్దు. మాత్రలు మాత్రం సొంతంగా మానేయకండి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు కంపెనీల్లో, కట్టుబడి పనుల్లో మనవాళ్లు, బీహారు, ఒడిశా నుండి వచ్చిన పిల్లలు ఎందరో యంత్రాల మధ్య, గోడల కింద పనిచేస్తారు. కాలు గంటల తరబడి బరువు కింద నలిగినప్పుడు కండర కణాలు చితికి, పొటాషియం ఆ కాలిలోనే నిలిచిపోతుంది. బరువు తీయగానే అది ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. బయటికి తీసినప్పుడు మాట్లాడుతూ ఉన్న మనిషి గంటలోపే పోవచ్చు. 1941లో లండనులో బాంబుదాడుల శిథిలాల కింది నుండి తీసినవారు, మొదట బాగానే ఉండి, తరువాత మూత్రపిండాలు పాడై చనిపోవడాన్ని బైవాటర్స్, బీల్ అనే డాక్టర్లు రాసిపెట్టారు. పెద్ద కాలిన గాయాల్లో కూడా కణాలు చితికి పొటాషియం పెరగవచ్చు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగిన రోజు మన ప్రాంతపు ఇళ్లలో ఎవరూ మరచిపోలేరు. అలాంటి చోట ఉండే సూపర్‌వైజర్లు, తోటి కార్మికులు ఒకటి గుర్తుంచుకోండి. నలిగిన మనిషిని "బాగానే ఉన్నడు" అని గదికి పంపకండి, కాలు మర్దన చేయకండి, 108కి ఫోను చేయండి. బరువు కింద ఎంతసేపు ఉన్నాడో ఒక చీటీ మీద రాసి పంపండి. ఆసుపత్రిలో ముందుగా అడిగేది అదే, తోడు వచ్చినవారికి తెలియనిదీ అదే.

మన ఆసుపత్రి విషయానికి వస్తే, పొటాషియం ఇంజక్షను ఆంపూల్సు వార్డు ట్రేలో ఉండవు, తాళం వేసిన అలమరలో విడిగా ఉంటాయి. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే అది గుండెను ఆపుతుంది. రాత్రిపూట ఆ తాళం కోసం పది నిమిషాలు ఆలస్యమైతే విసుక్కోకండి. కణాలు చితికినందువల్ల మళ్లీ తీసిన నమూనాకు డబ్బు తీసుకోం. తప్పు మాదైనప్పుడు మీరెందుకు కట్టాలి? పొరపాటున బిల్లులో పడితే ఆ కాగితం పట్టుకుని నర్సింగ్ ఆఫీసుకు రండి. ఉదయం ఎనిమిది నుండి మేము అక్కడే ఉంటాం.